చేపకు నీచు లేని ఏడాది

మొన్న వానలు మొదలవుతూనే నాకు జలుబు పట్టుకుంది. వారం గడిచినా ఒళ్ళు తేలికపడకపోయేసరికి, లంబాలైన్‌లో మా ఇంటికి దగ్గరగా ఉన్న క్లినిక్‌కు వెళ్ళాను. అక్కడి కుర్ర డాక్టరు ముక్కులో పుల్ల పెట్టి పరీక్ష చేసి, తల ఎత్తకుండానే, "కొరోనానే ఆంటీ. టెన్షన్ మత్ లో. పారాసెటమాల్ వేసుకుని రెస్ట్ తీసుకోండి," అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు అతని గొంతు కొంచెం కూడా మారలేదు. బల్ల మీద నా పక్కన కూర్చున్నామె జరిగి కూర్చోలేదు. బ్యాగులోంచి మాస్కు తీసి నాకు నేనే పెట్టుకున్నాను. ఆ పేరు చెవిన పడితే వీధికి వీధి తలుపులు మూసుకున్న రోజుల సంగతి నా ఈడు వాళ్ళకి వేరే చెప్పాలా?

ముప్పై ఏళ్ళకు పైగా ఈ ద్వీపాల్లో నర్సుగా పనిచేశాను. చదువుకునే రోజుల్లో మా పుస్తకంలో ఈ జాతి వైరస్‌కు దక్కింది ఒకే ఒక్క వాక్యం, జలుబు తెచ్చే వాటిలో ఇదీ ఒకటని. పరీక్షలో అడగరు కాబట్టి మేమెవరమూ దాన్ని బట్టీ కూడా పట్టలేదు. చాలా ఏళ్ళ తర్వాత సార్స్ అన్న పేరు వినబడింది. తూర్పు దేశాల ఆస్పత్రుల్లో నర్సులే మంచాన పడుతున్నారని విని భయపడ్డాం గానీ, మాకోసం వచ్చిన మాస్కుల పెట్టె విప్పకముందే అది సద్దుమణిగింది. ఆ తర్వాత గల్ఫ్‌లో ఒంటెల నుంచి మనుషులకు సోకేది ఇంకొకటి పుట్టిందన్నారు, అదీ మా దాకా రాలేదు. చుట్టూ ఇంత సముద్రం ఉండగా మనకేం వస్తుందిలే అన్న ధీమా మా ద్వీపంవాళ్ళకి ఉండేది. చివరికి వచ్చినది, ఏ ఓడలోనో ఏ విమానంలోనో, మామూలుగా నవ్వుతూ దిగిన మనుషుల ఊపిరిలోనే వచ్చింది.

విమానాలు ఆగిపోయిన మొదటి వారం నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంటుంది. విమానాశ్రయం పక్కనే ఉన్న లంబాలైన్‌లో కాపురముండేవాళ్ళకి మాట మధ్యలో ఆగి, విమానం తల మీదుగా పోయాక మళ్ళీ అందుకోవడం అలవాటు. ఆ చప్పుడు పోయాక కూడా నేను ఫోనులో మాట్లాడుతూ అలవాటుగా ఆగిపోయేదాన్ని. ఆ ఆగిన చోట ఏమీ వినబడేది కాదు. ఒక పొద్దున ఎక్కడో దూరంగా ఏదో మూలుగుతున్నట్టు వినబడితే వాకిట్లోకి వచ్చి చూశాను. అది సముద్రపు హోరు. అన్నేళ్ళుగా ఆ ఇంట్లో ఉంటున్నా, అది మా గుమ్మం దాకా వినబడుతుందని నాకు తెలియదు. మా ఆయన ఉద్యోగరీత్యా వేరే ద్వీపంలోని రంగత్‌లో ఉండి, దారులు మూసేయడంతో అక్కడే చిక్కుబడిపోయారు. ఇంట్లో నేనొక్కదాన్నే. డ్యూటీకి వెళ్ళే దారిలో, మూసిన దుకాణాల మెట్ల మీద కుక్కలు నన్ను చూసి అరవడం కూడా మానేశాయి.

మా అక్కా బావా సిప్పీఘాట్‌లో ఉంటారు. బావ చిన్న చిన్న కాంట్రాక్టు పనులు చేస్తూనే, ఇంటి వెనక పోకతోట సాగుచేసేవాడు. ఆయన గొంతు గురించి చెప్పాలి. వరండాలో నిలబడి ఒక్క కేక వేస్తే తోట చివర పనిచేసేవాళ్ళు కత్తి కింద పెట్టి వచ్చేవారు. పెళ్ళైన కొత్తలో ఆ కేకకి మా అక్క చేతిలో గిన్నె జారవిడిచేదట. అక్క పోపు వాసన బట్టి పక్కింట్లో ఏం వండుతున్నారో చెప్పేది, వాన రాబోతుంటే మాకంటే ముందు పసిగట్టి ఆరేసిన బట్టలు తీసేది.

కొన్ని నెలలకి విమానాలు మళ్ళీ కొద్దికొద్దిగా మొదలయ్యాక, ఒకరోజు అక్క ఫోను చేసి, ఆ మాటా ఈ మాటా అయ్యాక, "ఏటోనే చెల్లీ, ఈ మధ్య చేపకి నీచే లేదు. మార్కెట్లో అన్నీ అలాగే ఉన్నాయి. సముద్రానికేటైనా అయిందేటి?" అంది.

అప్పటికే ఆస్పత్రిలో మాకు తెలుసు, జ్వరం లేకపోయినా ముక్కుకి వాసన పోతే అది దేనికి గుర్తో.

రాత్రి డ్యూటీ దిగి, తెల్లారాక సరాసరి స్కూటరు మీద సిప్పీఘాట్ వెళ్ళాను. వాన పడి వెలిసిన పొద్దున. మామిడి చెట్టుకి పెద్ద గబ్బిలాలు తలకిందులుగా వేలాడుతున్నాయి. రోగం వీటి నుంచే వచ్చిందని కూలీలు పొగబెట్టబోతే, ఎక్కడో గబ్బిలాల జాతిలో పుట్టిందంటే మన చెట్టు మీదివి చేసిన పాపం కాదని అంతకుముందే ఫోనులో చెప్పి ఆపించాను. గేటు దగ్గర నిలబడేసరికి వంటింటి కిటికీలోంచి నల్లగా పొగ వస్తోంది. ఆ పొగ వరండాలోకి పాకి, నా కళ్ళు మండుతున్నాయి. అక్క మాత్రం ఆ పొగకి వీపు పెట్టి, పీట మీద కూర్చుని, ఏదో కూనిరాగం తీస్తూ మునగాకు దూస్తోంది. మాస్కు ఉన్న నాకే మాడు వాసన గొంతులోకి దిగుతుంటే, అక్క మొహంలో చిన్న చలనం కూడా లేదు.

"అక్కా! పొయ్యి!" అని అరిచాను.

అక్క తల తిప్పి, పొగని ఎవరో తెచ్చి అక్కడ పెట్టినట్టు వింతగా చూసింది.

అక్క లోపలికి పరుగెత్తి స్టవ్ ఆర్పుతుండగా బావ బయటికి వచ్చాడు. ఎప్పటిలాగే నవ్వుతూ, "ఏం మరదలా, పొద్దున్నే తనిఖీయా?" అన్నాడు. ఆ నవ్వే పెదాలు నేరేడుపండు రంగులో ఉన్నాయి. గోళ్ళూ అంతే. దూరంగా నిలబెట్టి, నా దగ్గరున్న ఆక్సిమీటరు వేలికి పెట్టించాను. అంకె మరీ తక్కువగా ఉంటే, యంత్రం చెడిపోయిందనుకుని నా వేలికి పెట్టుకున్నాను. నాకు సరిగ్గానే చూపించింది. అలాంటి అంకె ఉన్న మనిషి గుండె పట్టుకుని రొప్పుతుండాలి. ఈయన మాత్రం ఆయాసమే తెలియకుండా నాతో హాస్యాలాడుతున్నాడు. ఆ రోగంలో నన్ను అన్నిటికంటే భయపెట్టింది అదే. మునిగిపోతున్న మనిషికి నీళ్ళే కనబడవు.

ఆస్పత్రికి పదమంటే ససేమిరా అన్నాడు. "అరె, నాకేటైంది? బిల్కుల్ ఠీక్ ఉన్నాను. అక్కడికెళ్ళినోళ్ళని ప్లాస్టిక్‌లో చుట్టి పంపుతున్నారంట. నేను రాను." అంతకుముందు వారం పని మాట్లాడుకోవడానికి, మెయిన్‌ల్యాండ్ నుంచి వచ్చినతనితో ఏసీ గదిలో పూటంతా కూర్చున్నాడనీ, మాస్కు గడ్డం మీదే ఉందనీ అక్క అప్పుడు చెప్పింది. మేమందరం కూరగాయలు ఉప్పునీళ్ళలో కడుగుతూ, తలుపు గొళ్ళేలు తుడుస్తూ ఉన్న రోజులవి. మూసిన గదిలో అగరొత్తి పొగ నిలిచినట్టు ఊపిరిలోని రోగం గాలిలో నిలుస్తుందన్నది మాకు నెమ్మదిగా గానీ తెలిసిరాలేదు.

బతిమాలాను, కోప్పడ్డాను. చివరికి ఏం తోచిందో, "సరే బావా, తోట చివరికి ఒక్క కేక వెయ్యి. వేస్తే నేను వెళ్ళిపోతాను," అన్నాను.

ఆయన నవ్వుతూనే వరండా అంచుకి వచ్చి, చెయ్యి నోటి పక్కన పెట్టుకుని, ఛాతీ నిండా గాలి పీల్చబోయాడు. నోరు తెరుచుకుంది. బయటికి వచ్చింది కేక కాదు, ఎండుటాకు మీద కాలు పడ్డ చప్పుడంత చిన్న శబ్దం. మళ్ళీ ప్రయత్నించాడు. ఈసారి అదీ రాలేదు. ఆయన తోట వైపు చూస్తూ అలాగే నిలబడిపోయాడు. తర్వాత వెళ్ళి చెప్పులేసుకున్నాడు.

అక్కకి రోగం తేలిగ్గానే ఉంది కాబట్టి తనని ఇంట్లోనే ఒంటరిగా ఉంచారు. ఇరుగుపొరుగు అన్నం గిన్నె గేటు దగ్గర పెట్టి, ఆమె తలుపు తీసేలోపు వెళ్ళిపోయేవారట. బావని మా ఆస్పత్రిలోనే చేర్చుకున్నారు. బోర్లా పడుకోబెట్టి ఆక్సిజన్ పెట్టాం. మేమంతా తెల్లటి కిట్లలో, అద్దాల వెనక కళ్ళతో, ఒకరినొకరం పోల్చుకోలేక వీపుల మీద పేర్లు రాసుకుని తిరిగేవాళ్ళం. ఒక సాయంత్రం బావ తల కొద్దిగా ఎత్తి నన్ను పిలిచాడు.

"దీదీ, మా మరదలు ఇక్కడే పనిచేస్తాది. జర పిలుస్తారా?"

"నేనే బావా," అన్నాను, వంగి, మాస్కుల వెనక నుంచి గట్టిగా.

అబద్ధం చెబితే చిన్నపిల్లాడు చూసినట్టు నా వంక చూసి, తల అడ్డంగా ఊపాడు. "కాదు. మా మరదలికి మొహం ఉంటాది."

తొడుగు వేసుకున్న చేత్తోనే ఆయన చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. ఆ వార్డులో ఎంతమంది మొహం లేని మనుషుల చేతులు పట్టుకుని వెళ్ళిపోయారో తలుచుకుంటే ఇవాళ్టికీ నాకు నిద్ర పట్టదు.

బావ బతికాడు. ఊపిరి కుదుటపడి, సగానికి సగం అయిపోయి ఇల్లు చేరాడు. టీకాలు వచ్చాక అందరికంటే ముందు వరుసలో నిలబడింది ఆయనే. కిటికీలు తెరిచి ఉంచమని, దగ్గొస్తే మాస్కు ముక్కు మీదికి లాగమని ఇప్పటికీ ఊరందరికీ చెబుతాడు, మెల్లగా, మధ్యమధ్య ఆగి. ఆ కేక మాత్రం తిరిగి రాలేదు. కూలీలని ఫోను చేసి పిలుస్తాడు. అక్కకి వాసన తిరిగి రాలేదు. చాలామందికి నెలల్లో వస్తుంది, కొందరికి రాదు, ఎందుకో మాకూ సరిగ్గా తెలియదు.

పోయినేడు అక్కకి మనవరాలు పుట్టింది. బారసాల నాడు నేనూ వెళ్ళాను. ఇల్లంతా చుట్టాలు, ఒకరి మీద ఒకరు పడి నవ్వుకోవడాలు. ఆ రోజులు మన మీద నుంచి పోయాయా అన్నంత సందడి. అందరూ మరిచిపోయారంటే నాకు నిష్ఠూరం లేదు, మరిచిపోకపోతే మనిషి బతకలేడు. అక్క పిల్లని ఎత్తుకుని, ఆడవాళ్ళందరం చేసినట్టే, ఆ లేత మాడుకి ముక్కు ఆనించి కళ్ళు మూసుకుంది. చాలాసేపు అలాగే ఉంది. తర్వాత కళ్ళు తెరిచి, ఎవరికీ వినబడకుండా నన్ను అడిగింది.

"ఎలా ఉందే చెల్లీ?"

పిల్లని అందుకుని నేనూ వాసన చూశాను. పాలూ, సాంబ్రాణీ, ఇంకేదో ఉంది. ఇన్నేళ్ళుగా ఎన్నో పురుళ్ళు పోసిన దాన్నే అయినా, ఆ ఇంకేదో ఏమిటో అక్కకి చెప్పడానికి నాకు ఒక్క మాట దొరకలేదు.