వెంకటాచలం గోడౌన్‌లో పాట

2022 ఎండాకాలం. కరోనా వచ్చి పోయాక మాల్స్‌లోనూ సినిమా హాళ్ళ పక్కనా ఉండే గేమ్ జోన్లు ఒక్కొక్కటే మూతపడుతున్న రోజులు. అలా మూతపడిన ఒక నెల్లూరు గేమ్ జోన్ సరుకంతా వెంకటాచలం దగ్గర, హైవే పక్కనున్న గోడౌన్‌లో చేరింది. దాన్ని వేలానికి పెట్టారు. పాత ఆర్కేడ్ మెషిన్లు, అంటే టోకెన్ వేసి ఆడుకునే పెద్ద ఆటల పెట్టెలు, వేలంలో కొని బాగుచేసి అమ్మడం నా వృత్తి. మా నాయన వరి రైతు. "మోటారో ట్రాక్టరో, పనికొచ్చేది ఏదన్నా బాగుచెయ్యరాదా" అని ఇప్పటికీ గొణుగుతుంటాడు. ఆటల పెట్టె కూడా ఒక ఇంట్లో పొయ్యి వెలిగిస్తుందని ఆయనకు చెప్పడానికి నా దగ్గర ఉదాహరణలు చాలానే ఉన్నాయి. అందులో నేను ఛాతీ విరుచుకుని చెప్పేది కరుణమ్మ మెషిన్ సంగతి.

కరుణమ్మది వాకాడు దగ్గర సముద్రం ఒడ్డు పల్లె. మొదట్లో రొయ్యల ఫ్యాక్టరీలో ఒలుపు పని చేసేది. రోజంతా ఐసు నీళ్ళలో నాని చేతులు పుళ్ళు పడితే, ఆ పని మాని నెల్లూరొచ్చి గేమ్ జోన్‌లో చేరింది. బాస్కెట్‌బాల్ మెషిన్ల దగ్గర ఆమె డ్యూటీ. జోన్ మూతపడ్డాక ఊరికి వెళ్ళిపోయింది. ఆ ఊరి బీచ్‌కి ఆదివారాలు జనం బాగా వస్తారు. అక్కడ పంచాయతీ వాళ్ళు కట్టిన గదుల్లో ఒకటి ఆమె పేరున వచ్చింది. దసరా లోపల ఏదో ఒక వ్యాపారం మొదలుపెట్టకపోతే ఆ గది ఇంకొకరికి ఇచ్చేస్తారు.

జోన్‌లో ఉన్నప్పుడు మెషిన్ల రిపేరుకి నేనే వెళ్ళేవాణ్ణి కాబట్టి ఆమె నాకు ఎరికే. వేలం మాట తెలియగానే నెల్లూరులో నా రిపేరు షాపుకి వచ్చింది.

"సుధాకరన్నా, వెంకటాచలంలో పాట పెడతాండారంట. నాకు ఆ బాస్కెట్‌బాల్ మిషను కావాల. నీకైతే మంచీ చెడ్డా తెలుస్తాది, నువ్వే పాడు."

"బజ్జీల బండి పెట్టుకోరాదా కరుణమ్మా? ఇంత బరువు నెత్తికెత్తుకోవడం దేనికి?"

"బీచ్‌లో బజ్జీల బండ్లు ఎన్నుండాయో నువ్వు చూడలేదు. వాళ్ళల్లో వాళ్ళే జుట్లు జుట్లు పట్టుకుంటాండారు. పిల్లకాయలు ఆడుకునేదానికి ఒక్కటంటే ఒక్కటి లేదు. నాకు చేతనైన పని ఇదొకటే అన్నా. ఇది దొరక్కపోతే మళ్ళా ఫ్యాక్టరీకే పోవాల." తన చేతులు ఒకసారి చూసుకుంది. "ఆ ఐసు నీళ్ళలో ఇంక చేతులు పెట్టలేను."

కూడబెట్టింది, చీటీ పాడింది అంతా కలిపితే ఒక మెషిన్‌కి సరిపోతుంది. ఒక్కదానికే. అది తప్పిపోతే గదీ పోయినట్టే.

వేలానికి ముందురోజు సరుకు చూసుకోనిస్తారు. దాన్ని ఇన్‌స్పెక్షన్ అంటారు. ఒక్కో వస్తువుకీ ఒక నంబరు వేసి లాట్ అంటారు. ఏ లాటైనా యాజ్ ఈజ్ వేర్ ఈజ్, అంటే ఎక్కడ ఎలా ఉందో అలాగే తీసుకోవాలి. కొన్నాక పనిచెయ్యలేదని అరిచి గోల పెట్టినా దిక్కుండదు. గోడౌన్‌లో బాస్కెట్‌బాల్ మెషిన్లు రెండున్నాయి, కవల పిల్లల్లాగా ఒకే కంపెనీవి. మొదటిదానికి కరెంటు ఇవ్వగానే లైట్లు వెలిగి, బంతులు దొర్లుకుంటూ వచ్చాయి. రెండోదాంట్లో ఫ్యాను తిరిగింది గానీ స్కోరు చూపే డిస్‌ప్లే రాలేదు. లోపలి భాగాలు విప్పి చూడనివ్వరు కాబట్టి వెనక తలుపు మటుకు తీసి, ఆటంతా నడిపే సర్క్యూట్ బోర్డు దగ్గర మీటరు పెట్టాను. అయిదు వోల్టులు రావలసిన చోట నాలుగు దాటడం లేదు. లోపం బోర్డుదైతే ఆ మెషిన్ పాత ఇనుముకే, ఎందుకంటే ఆ బోర్డులు ఇప్పుడు రావు. బోర్డుది కాకపోతే ప్రాణం ఉన్నట్టే. ఏది నిజమో తేలలేదు. "మొదటిదే పాడదాం" అని కరుణమ్మతో చెప్పాను.

వేలం రోజు కరుణమ్మ ఒక్కతే రాలేదు. వాళ్ళ చర్చి సంఘం సగం వచ్చింది. వ్యానులోంచి తెల్ల చొక్కాలు, తెల్ల చీరలు దిగుతుంటే ఇక్కడేమైనా ప్రార్థన కూటాలు పెట్టారా అని గోడౌన్ వాచ్‌మన్ నన్ను అడిగాడు. వాళ్ళకు ముందు నడుస్తున్నది సామ్యేలు మావ. కరుణమ్మ మేనమామ, వాళ్ళ చర్చిలో పెద్ద.

"మా బిడ్డ పాటకి వచ్చిందంటే మేము ఇంట్లో కూర్చుంటామా?" అన్నాడు నా చెయ్యి పట్టుకుని ఊపేస్తూ. "ఏం దిగులు పెట్టుకోబాక. మేముండాము."

నాకు దిగులు మొదలైంది సరిగ్గా అప్పుడే, కానీ ఎందుకో తెలియలేదు. కాసేపట్లోనే తెలిసింది. ఆ వేలంలో ముందుగా డిపాజిట్టు కట్టే పద్ధతి లేదు, లోపలికొచ్చిన ఎవరైనా చెయ్యెత్తి పాడొచ్చు. మొదటి మెషిన్ లాట్ రాగానే నేను కరుణమ్మ పేరున పాట మొదలుపెట్టాను. నాతో పోటీకి ఉన్నది ఒక్క చెన్నై డీలరే. అతను కూడా ఆవులిస్తూ, చెయ్యి సగమే ఎత్తుతున్నాడు. ఇంకో రెండు మాటల్లో వదిలేసేవాడు. ఇంతలో వెనక నుంచి సామ్యేలు మావ గొంతు ఖంగున మోగింది, నా పాట మీద పాట. దాని మీద ఇంకొకాయన. ఆయన మీద ఒక ముసలావిడ, చీర చెంగు నెత్తిన కప్పుకుని మరీ.

"మన కరుణమ్మది! తగ్గనీబాకండి!" అని మావ అందరినీ ఎగదోస్తున్నాడు.

కోత పండుగ రోజు వాళ్ళ చర్చిలో జరిగేది మీకు తెలిస్తే ఇదంతా అర్థమవుతుంది. ఎవరి పెరట్లో కాసింది వాళ్ళు తెస్తారు, గుమ్మడికాయో కోడిపెట్టో ములక్కాయల కట్టో. ఆరాధన అయ్యాక వాటికి పాట పెడతారు. లేనివాళ్ళు తెచ్చిన కాయ తక్కువకి పోతే వాళ్ళ మనసు నొచ్చుకుంటుందని తలా ఒక మాట వేసి పెంచుతారు. పాడుకున్నవాళ్ళు "మళ్ళా పాట పెట్టండి" అని దాన్ని తిరిగి ఇచ్చేస్తారు. పాట పెంచడమంటే వాళ్ళ లెక్కలో ప్రేమ చూపించడం. ఏటా ఆ పాట నడిపించేది సామ్యేలు మావే.

చెన్నై డీలరు ఆవులింత ఆపేశాడు. ఇంతమంది ఎగబడుతున్నారంటే ఈ పెట్టెలో ఏదో ఉందనుకుని నిటారుగా కూర్చున్నాడు. నేను వెనక్కి తిరిగి రెండు చేతులూ ఊపుతున్నాను, వద్దని. ఇంకా పెంచమంటున్నాననుకుని వాళ్ళు ఇంకా పెంచారు. కరుణమ్మ దగ్గరున్నదాన్ని దాటి ఎక్కడికో వెళ్ళిపోయింది పాట. వేలం నడిపే తమిళాయన "ఒరు తరం, రెండు తరం, మూణు తరం" అని, అంటే ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అని, బల్ల మీద సుత్తి కొట్టాడు. మెషిన్ డీలరుది అయిపోయింది.

"మన బిడ్డ పాటని ఎంత పైకి తీసుకుపోయినామో చూసినావా?" అన్నాడు మావ చెమట తుడుచుకుంటూ, వెలిగిపోతున్న మొహంతో.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఏం మావా, ఆ పాట నీ మీదే ఆగిపోయి ఉంటే ఏం చేసేవాడివి?"

"ఏముండాది? మళ్ళా పాట పెట్టమనేవాణ్ణి గదా!"

"ఇక్కడ మళ్ళా పాట లేదు మావా. కొన్నవాడు డబ్బు కట్టి ఎత్తుకుపోవాల్సిందే. మీరు పెంచినందుకే అది కరుణమ్మకి దక్కలేదు."

ఆయన మొహంలో వెలుగు ఆరిపోయింది. కరుణమ్మ వంక చూశాడు. ఆమె చేతులు రెండూ చీర చెంగులో చుట్టుకుని నేల చూస్తోంది. అది చూశాక నా కోపం ఎటుపోయిందో తెలియదు. చాలా బాధ అనిపించింది.

మధ్యలో వేరే సరుకు నడుస్తోంది. కరుణమ్మని పక్కకి పిలిచి రెండో మెషిన్ సంగతి ఉన్నదున్నట్టు చెప్పాను. పోతే బోర్డు పోయి ఉండొచ్చు, అప్పుడు డబ్బంతా బూడిదలో పోసిన పన్నీరే. బోర్డు బాగుంటే మటుకు నేను నిలబెట్టగలను.

"నువ్వు బతికిస్తానంటే పాడన్నా," అంది.

"బతికిస్తాను," అన్నాను. మీటరు చెప్పని మాట నా నోరు చెప్పేసింది. కానీ అన్నాక వెనక్కి తీసుకోబుద్ధి కాలేదు.

తర్వాత సామ్యేలు మావ దగ్గరికెళ్ళి చేతులు జోడించాను. "మావా, ఈసారి అందరూ ప్రార్థన చేసుకోండి. కళ్ళు మూసుకొని, తలలు వంచుకొని. సుత్తి దెబ్బ వినబడేదాకా ఒక్కరు కూడా నోరు తెరవబాకండి."

రెండో మెషిన్ వచ్చింది. పాట నేను మొదలుపెట్టాను, రిజర్వు ధర దగ్గర, అంటే అమ్మేవాళ్ళు పెట్టుకున్న కనీస ధర. డీలరు వెనక్కి తిరిగి చూశాడు. ఇందాక గోడౌన్ కప్పు లేపేసిన మనుషులు వరసగా తలలు వంచుకుని, కళ్ళు మూసుకుని కూర్చున్నారు. ముసలావిడ పెదవులు మటుకు కదులుతున్నాయి.

"ఏమయా, ఇది చచ్చిపోయినదా?" అని అడిగాడు నన్ను, తన తెలుగులో.

"నిన్న నేను చూసినప్పుడు డిస్‌ప్లే రాలేదు," అన్నాను. అబద్ధమాడే అవసరం రాలేదు.

అతను నవ్వి చెయ్యి దింపేశాడు. మూడో తరం దాకా ఎవరూ పలకలేదు. సుత్తి పడగానే గోడౌన్ అంతా అదిరేలా "ఆమేన్" వినిపించింది. నా వృత్తిలో ఎన్నో వేలాలు చూశాను గానీ సుత్తి దెబ్బకి ఆమేన్ చెప్పిన వేలం అదొక్కటే.

మెషిన్ షాపుకొచ్చింది. ముందు ఎస్‌ఎంపీఎస్ మీద పడ్డాను. ఇంటి కరెంటుని బోర్డుకి తగినంతగా తగ్గించి ఇచ్చే డబ్బా అది. కొత్తది పెట్టినా డిస్‌ప్లే రాలేదు. ఆ పూట అన్నం సయించలేదు. బతికిస్తానని చెప్పిన మాటే పదేపదే గుర్తొచ్చింది. మర్నాడు మళ్ళీ మొదటి నుంచి మీటరు పెట్టుకుంటూ వచ్చాను. డబ్బా దగ్గర నిండుగా అయిదు వోల్టులు, బోర్డు దగ్గరికొచ్చేసరికి నాలుగు. అంటే దారిలో పోతోంది. హార్నెస్, అంటే లోపల జడలాగా అల్లుకుని ఉండే వైర్ల కట్ట, విప్పి చూస్తే గోడౌన్ ఎలుకలు దాన్ని శుభ్రంగా భోంచేసి ఉన్నాయి. అయిదు వోల్టుల వైరు ఒక్క పోగు మీద వేలాడుతోంది. దానికి విడిగా కొత్త వైరు పట్టుకోగానే బోర్డు మేలుకుంది. షాపులో ఒక్కణ్ణే ఉన్నాను, అయినా చప్పట్లు కొట్టుకున్నాను.

తెగిన నాలుగు వైర్లకి ముడేసి ఇచ్చేస్తే పని అయిపోయేది. కానీ ఆ మెషిన్ నెల్లూరులో ఏసీ గదిలో ఉండబోవడం లేదు. అలల తుంపర కిటికీ మీద పడే గదిలో ఉండాలి. ఉప్పు గాలికి మామూలు రాగి వైరు పచ్చగా చిలుం పట్టి లోలోపలే తినేసుకుంటుంది. జువ్వలదిన్నె హార్బర్‌లో పడవలకు కరెంటు పని చేసే స్నేహితుడొకడున్నాడు. అతని దగ్గరికెళ్ళి, పడవల్లో వాడే తగరం పూత వైరు తెచ్చాను.

"ఆటబొమ్మకి పడవ వైరు ఎందుకన్నా?" అని నవ్వాడు.

"ఇది కూడా సముద్రం మీద సంపాయించేదే," అన్నాను.

పాత కట్టంతా పీకి పారేశాను. డయాగ్రం లేదు, ఎక్కడా దొరకదు. ఒక్కో వైరూ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో, రెండు కొసలూ దొరికితే కూత పెట్టే మీటరుతో పట్టుకుంటూ హార్నెస్ అంతా కొత్తగా అల్లాను. ప్రతి కనెక్టరుకీ గ్రీజు పెట్టాను. తడి తగలకుండా బోర్డుకి రెండు వైపులా వార్నిష్ పూశాను. కొత్త మెషిన్ కూడా లోపల అంత ముద్దుగా ఉండదు. చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

కరుణమ్మ చూసుకోవడానికి వచ్చింది. బంతి తీసుకుని వరసపెట్టి వేస్తూనే ఉంది. ఒక్కటి కూడా బయట పడలేదు. ఆట అయ్యాక మొహం చిట్లించింది.

"అన్నా, ఆఖర్లో గంట మోగినాక బాలు పడితే మూడు రావాల. రెండే వస్తాండాయి."

బోర్డు మీద డిప్ స్విచ్‌లని గోరంత మీటలు ఉంటాయి, ఆట నియమాలు వాటితో మారుతాయి. ఒక మీట తిప్పాను. మళ్ళీ ఆడింది. ఆఖరి బంతికి మూడు పడ్డాయి. అప్పుడు నవ్వింది, వేలం రోజు నుంచి నేను చూడని నవ్వు.

దసరాకి ముందే గది తెరిచింది. మొదటి బంతి సామ్యేలు మావ చేత వేయించింది. అది రింగుకి తగలకుండా బయటికెళ్ళి పకోడీల బాండలి పక్కన పడింది. ఆయన మటుకు అది తన బిడ్డ మెషినే అన్నంత గర్వంగా నిలబడి చప్పట్లు అందుకున్నాడు. ఆదివారాల్లో ఆ గది ముందు పిల్లలు వరస కట్టడం నేను కళ్ళారా చూశాను.

మరుసటి ఏడాది చివర్లో తుఫాను మన తీరం మీదే పడింది. కరెంటు స్తంభాలు ఒరిగాయి, రోడ్లు తెగాయి. కరుణమ్మకి ఫోను కలవలేదు. గదిలోకి నీళ్ళొచ్చాయని ఎవరో చెప్పారు. రెండేళ్ళు కూడా నిండని ఆమె బతుకుదెరువు అంతటితో సరి అనుకుని, నాలో నేను కుమిలిపోయాను. కరెంటు వచ్చిన రోజు ఆమే ఫోను చేసింది.

"అన్నా, నీళ్ళు మోకాలి దాకా వచ్చినాయి. గోడలన్నీ ఉప్పు చారికలు. తుడిచి, ఎండబెట్టి, భయపడతా స్విచ్ వేసినా."

"ఏమైంది?" అన్నాను.

"రెండు సున్నాలు చూపిస్తాండాది."

ఆ మెషిన్ ఆరోగ్యంగా ఉండి, ఆటకి సిద్ధంగా ఉంటే స్కోరు దగ్గర చూపించేది ఆ రెండు సున్నాలే. ఫోను పెట్టేసి మా నాయన దగ్గరికి వెళ్ళి చెప్పాను. ఆయన అంతా విని, "ఆ వైర్లు మన బోరు మోటారుకి కూడా వేస్తావా?" అని అడిగాడు. అంతకంటే పెద్ద మెచ్చుకోలు ఆయన నోటి నుంచి నేనెరగను.

వేలంలో మెషిన్ చవగ్గా కొట్టేయడమే నా పనితనం అని చాలాకాలం అనుకునేవాణ్ణి. కరుణమ్మ మెషిన్ తర్వాత తీరానికి వెళ్ళే ఏ మెషిన్ అయినా, భేషుగ్గా నడుస్తున్నా సరే, ముందు విప్పి వైర్లన్నీ మారుస్తాను. "నడిచేదాన్ని ఎందుకు పీకుతావు?" అని విసుక్కునేవాళ్ళుంటారు. ఇవాళ నడవడం కాదు, తుఫాను మర్నాడు నడవాలి అంటాను. అప్పటికీ ఒప్పుకోకపోతే కరుణమ్మ నంబరిచ్చి, ఆమెనే అడిగి చూడమంటాను.