నారింజపండు సైగ

విద్యాసాగర్ మాస్టారు మళ్ళీ కనబడకుండా పోయారు. మంగాదేవి స్నానం చేసి వచ్చేసరికి వీధి తలుపు బార్లా తెరిచి ఉంది. బయట చలి, సన్నగా వాన. ఆయన స్వెట్టరు కుర్చీ మీదే ఉంది.

"ఇంకోసారి ఇలా అయితే హోమ్‌లో జాయిన్ చేసేద్దామమ్మా" అని కూతురు సిరి తేల్చి చెప్పేసింది. చెప్పడానికేం, నోరుంటే చాలు. మాస్టారిని ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ళ చేతిలో పెట్టి తను ఇంట్లో ఎలా ఉంటుంది? అందుకే సిరికి ఫోన్ చెయ్యకుండా గొడుగేసుకుని పరుగెత్తింది. వాళ్ళుండే న్యూ లిన్ పేటలో రైల్వే స్టేషన్ చూసింది, బస్‌స్టాపులన్నీ చూసింది. ఎక్కడా లేరు.

ఆయన ఉద్యోగమంతా దక్షిణాఫ్రికాలో, గౌటెంగ్ రాష్ట్రంలో గడిచింది. జొహానెస్‌బర్గ్, ప్రిటోరియా అక్కడి మహానగరాలు. ఒకప్పుడు నల్లవాళ్ళను ఊరవతలికి తోసేస్తే పెరిగినవి సొవెటో, టెంబీసా లాంటి టౌన్‌షిప్‌లు. ఇండియన్లుండే లెనేషియాలో వీళ్ళ కాపురం, ఆరెంజ్ ఫార్మ్ అనే టౌన్‌షిప్‌లో ఆయన లెక్కల మాస్టారు. మతిమరుపు జబ్బు ఇప్పుడుంటున్న న్యూ లిన్‌ని తుడిచేసింది గానీ, పాపిష్టిది, ఆ ఊళ్ళ జోలికి పోలేదు.

చివరికి పాలూ బ్రెడ్డూ అమ్మే డైరీ కొట్టు దుర్గేష్ కనబడి నసిగాడు. "ఆంటీ, ఏమనుకోకండి. అంకుల్ మెయిన్ రోడ్డు మలుపులో చెయ్యి చాపి నిలబడ్డారు. అడుక్కుంటున్నారనుకుని ఎవరో చేతిలో కాయిన్స్ కూడా వేశారు."

మంగాదేవి మలుపు వైపు పరుగెత్తింది. అడుక్కోవడం కాదు నాయనా అది. దక్షిణాఫ్రికాలో వ్యాన్ టాక్సీలకు స్టాపులుండవు, రోడ్డు పక్కన నిలబడి చేత్తో సైగ చెయ్యాలి. పట్నం వెళ్ళాలంటే వేలు పైకెత్తాలి. ఆరెంజ్ ఫార్మ్ వెళ్ళాలంటే నారింజపండు పట్టుకున్నట్టు అరచెయ్యి చాపాలి. మనిషి బడికి బయల్దేరాడు, అంతే.

మలుపులో ఆయన తడిసి ముద్దయి నిలబడి ఉన్నారు. పెదాలు నీలిరంగుకు తిరిగాయి. "ఇంటికి పోదాం రండి" అని రెక్క పట్టుకుంటే విదిలించుకున్నారు. "టాక్సీ రావాలమ్మా, పిల్లలకి పరీక్షలు."

ఇక తన వల్ల కాదు. ఏడుస్తూ సిరికి ఫోన్ చేసింది. "మెయిన్ రోడ్డు మలుపుకి రా. నాన్న ముందు కారాపి, అద్దం దించి, ఆరెంజ్ ఫార్మ్ అని పిలవవే."

సిరి వచ్చి అలాగే పిలిచింది. ఆయన గబగబా ఎక్కి కూర్చుని, చేతిలోని చిల్లర పద్ధతిగా ముందు సీటుకు అందించారు. సిరి పుచ్చుకుంది. వెనక సీట్లో ఆయన పక్కన చేరిన తల్లిని అద్దంలో చూసి మెల్లిగా అంది. "సోమవారం హోమ్‌కి తీసుకెళ్దామమ్మా."

మంగాదేవి కాదనలేకపోయింది. కారులో ఉన్న తువ్వాలుతో ఆయన తల తుడుస్తుంటే ఆయన మొహమాటంగా నవ్వారు.

"మీరు లెనేషియాలో దిగుతారా అమ్మా? దిగితే మా మంగతో ఓ మాట చెప్పండి, ఇవాళ రావడం ఆలస్యమవుతుందని. నేను వచ్చేదాకా అన్నం తినదు."

"చెప్తానండీ" అంది మంగాదేవి.