పక్క సీటు బ్రేకు

కర్నూల్లో కారు తోలడం నేర్పే పుల్లయ్యకు కుడి మోకాలు అరిగిపోయింది. అరగక ఏం చేస్తుంది? స్కూలు కారులో ఆయన కూర్చునే ఎడమ సీటు ముందు, కాళ్ళ దగ్గర ఇంకో బ్రేకు ఉంటుంది. ఇరవై రెండేళ్ళుగా కుర్రాళ్ళు స్టీరింగు తిప్పుతుంటే ఆయన ఆ బ్రేకు తొక్కుతున్నాడు. ఆటో ఎక్కినా, బస్సెక్కినా ఆ కాలు ఊరుకోదు, ఖాళీ నేలను తొక్కుతూనే ఉంటుంది. ఆటోవాళ్ళు నవ్వుతారు.

ఎంతమందికి నేర్పినా అవినాష్ లాంటి ఘనుణ్ణి మాత్రం ఆయన చూడలేదు. ఇరవై ఏళ్ళవాడు. బెల్టు పెట్టుకోమంటే చొక్కా నలుగుతుందంటాడు. ఎదురుగా గొర్రెల మంద వస్తుంటే ఫోను చూసుకుంటాడు. మంద ముందు కారు ఆగుతుంది. ఆపిందెవరో ఆ మహానుభావుడికి పట్టదు. "చూసినావా సార్, ఎట్ల కంట్రోలు చేసినానో!" అని మీసం దువ్వుతాడు. పుల్లయ్యకు ఒళ్ళు మండిపోయేది.

ఖర్మ కాకపోతే, వాడికి లైసెన్సు కూడా వచ్చేసింది. ఇంటికి కొత్త కారూ వచ్చింది. తెల్లవారితే తల్లి నాగలక్ష్మమ్మను ఎక్కించుకుని రాజంపేటలో పెళ్ళికి పోతాడట. ఆఖరి క్లాసు రోజున ఆ మాట పుల్లయ్య చెవిన పడింది. ఆ కారులో పక్క సీటుకు బ్రేకు ఉండదు. అక్కడ కూర్చునేది ఆ తల్లి.

కోడుమూరు రోడ్డులో, ఇళ్ళు లేవని ఒక వెంచర్‌లోకి కారు తిప్పించాడు. "నిదానంగా పోయి, ఆ హద్దురాయి కాడ ఆపప్పా" అని చెప్పి, రెండు కాళ్ళూ సీటు మీదికి తీసుకుని బాసింపట్టు వేసుకున్నాడు. చెయ్యి మాత్రం హ్యాండు బ్రేకు మీద ఉంచాడు.

రాయి వచ్చింది. వెళ్ళిపోయింది. కారు ముందుభాగం కంపచెట్లలోకి దూరాక పుల్లయ్య హ్యాండు బ్రేకు లాగాడు.

"సార్, బ్రేకులు ఫెయిలైనాయి!" అని కేక పెట్టాడు అవినాష్.

"బాగనే ఉండాయి. నెల దినాలుగా తొక్కింది నేనప్పా. ఈపొద్దు తొక్కలేదు, అంతే."

అవినాష్ తల గోక్కున్నాడు. కాసేపటికి వాడి మొహం వెలిగింది. "అట్లయితే మా కారుకు గూడ ఆ పక్క ఒగటి పెట్టిస్తే పాయె గద సార్! మాయమ్మ తొక్కుతాది."

ఇక వీడితో కాదని, పుల్లయ్య అక్కడి నుంచే వాడి తల్లికి ఫోను చేశాడు. "అమ్మా, నేను పుల్లయ్యను. మీవానికి కారు తోలేది వచ్చింది గానీ ఆపేది రాలేదు. రేపు పెళ్ళికి బస్సులో పోండమ్మా."

అవతల ఆమె, "అట్లనే పోతాలే సార్" అని పెట్టేసింది.

అవినాష్ మొహం కందగడ్డ అయింది. "మాయమ్మ ముందర నా పరువు తీస్తివి గద సార్!"

"పోయింది పరువే కదప్పా" అన్నాడు పుల్లయ్య. "దిగు, నేను తోల్తా."