నా వేషం కట్టిన రూమ్మేటు

ఎనభైల్లో నేను ఖమ్మం జిల్లాలో పాలిటెక్నిక్ చదివాను. మాది పర్ణశాల దగ్గర గూడెం. కాలేజీ మొత్తానికి కోయవాణ్ని నేనొక్కణ్నే.

ఒకరోజు గిరిజన విద్యార్థులను చూడటానికి హైదరాబాదు నుంచి ఆఫీసరొచ్చారు. హాస్టల్ గ్రాంటు ఆయన చేతిలోనే ఉంది. నేను ఇస్త్రీ చొక్కా టక్ చేసుకుని వెళ్లాను. ప్రిన్సిపాల్ ఎగాదిగా చూసి, "గిట్లొస్తే ఎవరు నమ్ముతరయ్యా?" అని విసుక్కున్నారు. డ్రామా పెట్టెలోంచి, మా కోయ నాట్యాల్లో కట్టే కొమ్ముల తలపాగా తీయించి నా రూమ్మేటు రమేశుకు పెట్టారు. వాడు వేంసూరు మోతుబరి కొడుకు.

"మీ భాషలో నీ కష్టాలు చెప్పు బాబూ," అన్నారు ఆఫీసరు.

రమేశు బిక్కచచ్చిపోయి, అర్థం లేని కూతలేవో కూశాడు. ప్రిన్సిపాల్ మొహం పాలిపోయింది. ఇక నేనే ముందుకెళ్లి, "బాత్రూములకు తలుపుల్లేవంటుండు సార్," అన్నాను. రమేశుకు ధైర్యమొచ్చి ఇంకా గట్టిగా కూశాడు.

"పప్పు నీళ్ల లెక్క ఉంటదంట సార్."

నెలలో తలుపులొచ్చాయి. పప్పు మారలేదు.

ఆ రోజు వెళ్తూ వెళ్తూ ఆఫీసరు నా భుజం తట్టి, "శభాష్! వాళ్ల భాష ఇంత బాగా ఎక్కడ నేర్చుకున్నావయ్యా?" అన్నారు.

"మా రూమ్మేటు దగ్గర సార్," అన్నాను.

ఇది చెప్పినప్పుడల్లా అందరూ నవ్వుతారు. నేనూ నవ్వుతాను, కాకపోతే కొంచెం ఆలస్యంగా.