తువ్వాల అడిగిన డాక్టరు

ఖతర్‌లో, అల్ సద్‌లోని ఒక క్లినిక్‌లో నేను ఎక్స్‌రేలు తీస్తాను. మాది అమలాపురం పక్క. పోయిన చలికాలంలో ఒకరోజు ఇండస్ట్రియల్ ఏరియా నుంచి జగిత్యాల వైపు మనిషిని తీసుకొచ్చారు. పరంజా మీంచి జారి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. ఖతర్‌కు కొత్త, తెలుగు తప్ప ఇంకో భాష రాదు. అందుకని ఎక్స్‌రే అయ్యాక కూడా నన్ను అతని దగ్గరే ఉండమన్నారు.

పిండికట్టు వేస్తున్న డాక్టరుది క్యూబా. సాయం చేస్తున్న పెద్ద నర్సుది ఫిలిప్పీన్స్. ఇద్దరూ ఎప్పుడూ ఇంగ్లీషులోనే మాట్లాడుకునేవారు. చేతులనిండా తడిపిండి అంటుకున్న డాక్టరు, ఏదో ధ్యాసలో, సొంత భాషలో "తోఆయా!" అన్నాడు.

"మేడమ్, సారు తువ్వాల అడుగుతుండు," అన్నాడు మా జగిత్యాల మనిషి నర్సుతో, నాకంటే ముందే పసిగట్టి.

అప్పటికే నర్సు తువ్వాలు అందించేసింది. "మేమూ తువాల్యా అనే అంటాం డాక్టర్," అంది, తనకు తనే ఆశ్చర్యపోతూ. మన తువ్వాలు అనే మాట పోర్చుగీసు ఓడల్లో వచ్చిందని నేనెక్కడో చదివాను. వాళ్ళిద్దరి మాట మాత్రం స్పెయిన్ నుంచి వచ్చింది.

రోగిని పంపించాక టీ దగ్గర అదే మాట సాగింది. మూడు వందల ఏళ్ళకు పైగా తమను ఏలిన స్పెయిన్ ఓడలను 1898లో మనీలా రేవులో అమెరికా ఒక్క పొద్దుటిపూటలో తగలబెట్టేసిందని నర్సు చెప్పింది.

"మా దగ్గరా ఆ ఏడే. శాంటియాగో రేవు దాటి ఒక్కొక్కటే బయటికొచ్చిన స్పెయిన్ ఓడలన్నీ ఒడ్డు వెంటే కాలిపోయాయి," అన్నాడు డాక్టరు.

నర్సు కప్పు కింద పెట్టింది. "మనీలాను అప్పటికే స్వాతంత్ర్యం కోసం పోరాడుతున్న మావాళ్ళు చుట్టుముట్టి ఉన్నారు. మా అమ్మమ్మ వాళ్ళ తాతగారు ఆ కందకాల్లోనే ఉన్నారట. ఊరు మా చేతికివ్వడం స్పెయిన్‌వాళ్ళకు నామోషీ. అందుకని అమెరికావాళ్ళతో లోపాయికారీగా మాట్లాడుకుని, కాసేపు ఉత్తుత్తి యుద్ధం చేసి, తెల్లజెండా ఎత్తారు. మావాళ్ళను మాత్రం లోపలికి రానివ్వలేదు."

డాక్టరు మెల్లగా అన్నాడు: "శాంటియాగోలో మావాళ్ళనూ అమెరికావాళ్ళు రానివ్వలేదు. ముప్పై ఏళ్ళుగా పోరాడుతున్నవాళ్ళను! ఊరు లొంగిపోయిన రోజు గడప బయటే నిలబెట్టారు."

భూమికి ఆ కొసన ఒక ఊరు, ఈ కొసన ఒక ఊరు. ఒకే ఏడు, ఒకే అవమానం. నాలుగేళ్ళుగా ఒకే గదిలో పనిచేస్తున్నా వీళ్ళిద్దరికీ ఆ సంగతే తెలియదు!

మాట మార్చడానికేమో, నర్సు తన భాషలో వారాల పేర్లు మొదలుపెట్టింది. లూనెస్, మార్తెస్... డాక్టరు గొంతు కలిపాడు. శనివారం దాకా ఇద్దరూ ఒకే పాటలా చెప్పుకొచ్చారు. ఆదివారం దగ్గర ఆయన "దొమింగో" అన్నాడు, ఆవిడ "లింగ్గో" అంది. ఇద్దరూ కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వారు. నేను టీ తాగడం కూడా మరిచిపోయి చూస్తూ ఉండిపోయాను.