ముందుకి ఒకటి, వెనక్కి నాలుగు

ఆ వీధిలో ఎవరింట్లో పంపు మోటారు కాలినా, మిక్సీ కమురు వాసన కొట్టినా, అందరూ వెళ్ళేది ఒక్కచోటికే. చుట్ల పిన్ని కొట్టుకి. వరసకి ఆవిడ ఎవరికీ పిన్ని కాదు. ఆవిడ కంటే పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా పిన్నీ అనే పిలుస్తారు. కాలిన మోటారులోంచి నల్లబడ్డ రాగితీగ లాగి పారేసి, కొత్త తీగ చుట్టి ఇవ్వడం ముప్పై ఏళ్ళుగా ఆవిడ పని. పెదాలు కదుపుతూ లెక్కపెట్టుకుంటూ చుడుతున్నప్పుడు మాత్రం పలకరించకూడదు. పలకరించారా, అయిపోయారే! "నూట నలభై రెండో చుట్టు దగ్గర చెడగొట్టావు, ఇప్పుడు మొదట్నుంచీ నువ్వే చుట్టు" అని తీగ చేతికిచ్చి కూర్చోబెట్టేస్తుంది. ఒకసారి బ్యాంకు మేనేజరుగారంతటి వాడు నోరెత్తకుండా గంటసేపు చుట్టి వెళ్ళాడు.

నవ్వుతూ తుళ్ళుతూ ఉండే మనిషే గానీ, పిన్నికి లోపల ఒక్క వెలితి ఉండేది. చేసినదంతా రిపేరే. ఎవరో తయారుచేసింది, ఇంకెవరో కాల్చింది, మధ్యలో తను. "ఇది నేను చేశాను" అని చూపించుకోవడానికి ఒక్కటంటే ఒక్క వస్తువు లేదు.

పిన్ని అక్క డ్రైవింగు నేర్పుతుంది. అరవై రెండేళ్ళ మనిషి, చూస్తే బక్కపలచన, నోరు తెరిస్తే రెండు వీధులు సర్దుకుంటాయి. ఆవిడది గుండ్రటి దీపాల పాత కారు, లేతపచ్చ రంగు, పక్క సీటు ముందు కూడా ఒక బ్రేకు. ఊళ్ళో సగం మంది ఆ కారులో తిట్లు తినే బండి నేర్చుకున్నారు. అలాంటిది ఒక రోజు కాగితం వచ్చిపడింది: ఇంత పాత పెట్రోలు బళ్ళు ఇక రోడ్డెక్కకూడదు. ఇంజను తీసేసి కరెంటు మోటారు పెట్టించి, గడువులోగా పరీక్ష పాసైతే సరి. లేదా, తుక్కు.

"వేరే కారు కొంటే సరిపోలేదూ" అన్నవాళ్ళకి అక్క ఒకటే జవాబు చెప్పింది. "ఈ వయసులో కొత్త కారుతో నాకు సావాసం కుదరదు. ఇది పోతే బోర్డు పీకేసి ఇంట్లో కూర్చుంటా."

అక్క ఇంట్లో కూర్చోవడమా! ఆ ఇల్లేమైపోవాలి, అందులో ఉండే బావ ఏమైపోవాలి? బావ కార్ల మెకానిక్కు, ఆయన షెడ్డు పిన్ని కొట్టుకి సరిగ్గా ఎదురు. ఆయన నాలుగు కంపెనీల మోటార్లు చూసొచ్చాడు. ఒక్కటీ ఆ పాత గేరుపెట్టెకి అతకదట.

"నేను చేస్తా బావా" అంది పిన్ని.

"మరదలా, ఇది సీలింగు ఫ్యాను కాదు."

"ఫ్యానైతే నీకే వదిలేసేదాన్ని. గాలి కబుర్లు నీ సొత్తేగా."

నాలుగు నెలలు పట్టింది. తుక్కు కొట్టులో దొరికిన ఫ్యాక్టరీ మోటారు గుల్ల ఒకటి తెచ్చి, దాని పొట్టలో ఉన్నదంతా ఊడబెరికి, బ్యాటరీలకి తగినట్టు చుట్లు తగ్గించి, తీగ లావు పెంచి, మొత్తం కొత్తగా చుట్టింది. బావ ఉక్కు పలక కోసి దాన్ని గేరుపెట్టెకి బిగించాడు. బ్యాటరీలు సగం డిక్కీలోకి, సగం వెనక సీటు కిందికి వెళ్ళాయి. కారుని స్టాండ్ల మీద ఎత్తి మీట నొక్కిన రోజున చక్రాలు చప్పుడు లేకుండా గిర్రున తిరిగాయి. పిన్ని షెడ్డులోనే చెప్పులు విడిచేసి గంతులేసింది. యాభై ఆరేళ్ళ ఆడమనిషి! చూసినవాళ్ళు చూశారు, ఆవిడకేం.

పరీక్షకి ముందు రోజు మోటారు మూడు వైర్ల కొసలూ వేడెక్కుతున్నట్టు అనిపించి, పిన్ని వాటిని విప్పి కొత్తవి వేసింది. అప్పటికి కారు స్టాండ్ల మీంచి దిగింది. బావ గేరు వెయ్యకుండా సీట్లో కూర్చుని మీట నొక్కాడు. పిన్ని కారు కిందికి దూరి, గేరుపెట్టె పక్కనున్న సందులోంచి టార్చి వేసి చూసింది.

"గడియారం ముల్లు తిరిగినట్టే తిరుగుతోంది బావా!"

"అంతేగా కావాల్సింది. మూసెయ్."

ఇద్దరూ పప్పులో కాలేసింది సరిగ్గా అక్కడే.

మర్నాడు కారుని తాడు కట్టి పరీక్షల మైదానానికి లాక్కెళ్ళారు. గడువుకి అదే ఆఖరి రోజు. మైదానానికి ఒక పక్క పరీక్ష దారి, ఎత్తు వాలు. ఇంకో పక్క తప్పిన బళ్ళు వరసగా, వాటి నెత్తిన క్రేను. కళ్ళజోడు ఇన్‌స్పెక్టరు మాట పొదుపు మనిషి. వైర్లన్నీ మీటరుతో పరీక్షించి, మోటారు పెట్టెకి సీలు వేశాడు. ఇక అది ఇవాళ విప్పడానికి లేదు, విప్పితే తప్పినట్టే.

"ముందుకి పోనివ్వండి."

బావ దర్జాగా మొదటి గేరు వేసి మీట నొక్కాడు. కారు చడీచప్పుడు లేకుండా వెనక్కి వెళ్ళింది. వెనకాల కుర్చీలో కాగితాలు సర్దుకుంటున్న గుమాస్తా కుర్చీతో సహా లేచి పరిగెత్తాడు.

 పిన్నికి ఒక్క క్షణంలో అంతా అర్థమైంది. ముప్పై ఏళ్ళుగా తను మోటారుని చూసేది ఇరుసు బయటికొచ్చే వైపు నుంచి. బావ నలభై ఏళ్ళుగా ఇంజన్ని చూసేది కారు ముక్కు వైపు నుంచి. ఒకరికి గడియారంలా తిరిగేది ఎదుటివాళ్ళకి ఎదురు తిరిగినట్టే! మూడు వైర్లలో రెండు అటూ ఇటూ పడ్డాయి. విప్పి మార్చడానికి మూడు నిమిషాలు చాలు. కానీ దాని మీద సీలుంది.

"నోరు మెదపకు, బ్రేకు జారిందని చెప్తా" అని బావ గొణిగాడు.

"చాల్లే బావా." పిన్ని ఇన్‌స్పెక్టరు ముందుకి వెళ్ళి నిలబడింది. "సార్, తప్పు నాది. మోటారు మంచిదే. వైర్లు నేను తిరగేసి కలిపాను."

"సీలు విప్పడానికి రూలు లేదమ్మా. ఇవాళ్టి తరవాత తేదీలు కూడా లేవు" అన్నాడాయన. ఆ మాట ఆయనకీ కష్టంగానే ఉన్నట్టుంది, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

అక్క ఒక్క మాటా అనలేదు. బానెట్టు మీద చెయ్యి వేసి క్రేను వైపు చూస్తూ నిలబడింది. అక్క అరిస్తే పిన్ని ఎదురు అరిచేది. ఆ మౌనం మాత్రం భరించలేకపోయింది.  పొద్దుపోయేలోగా అక్క బతుకుతెరువు ఆ వరసలోకి వెళ్తుంది, అదీ తన చేతి మీదుగా! ఎదురు తిరిగే మోటారు... ఎదురు తిరిగే మోటారుతో ఏం చేస్తాం... దాన్ని మళ్ళీ ఎదురు తిప్పేది ఏదైనా...

"అక్కా! వెనక గేరు! వెనక గేరు వేస్తే ముందుకెళ్తుంది!"

సీట్లోనే ఉన్న బావ వేశాడు. కారు ముందుకి కదిలింది. మూరెడు పోగానే ఆయన చెయ్యి అలవాటు కొద్దీ రెండో గేరు మీదకి పోయింది, కారు వెనక్కి ఎగిరింది. గుమాస్తా మళ్ళీ పరుగు.

"దిగండి మీరు" అని అక్క ఆయన్ని రెక్క పట్టుకుని దించేసి, తను కూర్చుంది. "ముప్పై ఏళ్ళుగా జనానికి వెనక గేరు నేర్పింది మీరా, నేనా?"

ఇన్‌స్పెక్టరు రూళ్ళ పుస్తకం తిరగేశాడు. ముందుకి వెళ్ళాలి, వెనక్కి వెళ్ళాలి, ఆగాలి, ఎత్తెక్కాలి అని ఉంది. ఏ గేరులో అన్నది ఎక్కడా లేదు. ఫారం తీసి, "మొత్తం ఎన్ని గేర్లమ్మా?" అన్నాడు.

"ముందుకి ఒకటి, వెనక్కి నాలుగు సార్" అంది పిన్ని.

ఆయన పెదవి కొరుక్కున్నాడు. లాభం లేకపోయింది. మాట పొదుపు మనిషి కాస్తా కడుపు పట్టుకుని నవ్వాడు. నవ్వుతూనే రాసుకున్నాడు.

అక్క ముందుకి నడిపింది, ఆపింది, వెనక్కి నడిపింది. తరవాత ఎత్తు. కారు కుయ్యిమని కూస్తూ వాలు ఎక్కింది. సగంలో ఆపమన్నారు, ఆపింది. ఎంతటి వాళ్ళ బండైనా ఒక జానెడు వెనక్కి జారేది అక్కడే. అక్క బ్రేకు వదిలి మీట మీద కాలు పెట్టింది. బెత్తెడు కూడా జారకుండా కారు మళ్ళీ పైకి కదిలి, ఏమీ ఎరగనట్టు కొసకెళ్ళి నిలబడింది. కింద పిన్ని బావ జబ్బ గట్టిగా పట్టుకుంది. అది మర్నాటికి కమిలిపోయింది, అది వేరే సంగతి.

"పాస్" అన్నాడు ఇన్‌స్పెక్టరు. "వైర్లు సోమవారం నా ముందు మార్చుకోండి, మళ్ళీ సీలు వేస్తాను. మోటారు ఏ కంపెనీది?"

బావ నోరు తెరిచేలోగా అక్క అందుకుంది. "మా చెల్లెలిది."

"కంపెనీ పేరు అడుగుతున్నానమ్మా."

"నేనూ అదే చెప్తున్నా. తీగ మొదలు నుంచి అంతా దాని చేతి పనే. మా చెల్లి చేసింది. రాసుకోండి."

ఆయన రాసుకున్నాడు. పిన్ని పక్కకి తిరిగి కొంగుతో ముక్కు తుడుచుకుంది.

ఇంటికి మాత్రం తాడు లేకుండా, ఆ వెనక గేరులోనే బయల్దేరారు. ముందు అక్క, పక్కన బావ, వెనక బ్యాటరీల సీటు మీద పిన్ని. వేగం ముప్పై దాటించొద్దని బావ హెచ్చరిక. వెనకాల అరమైలు బళ్ళు బారులు తీరాయి, హారన్లు చెవులకి చిల్లులు పెట్టేస్తున్నాయి.

"నడుస్తోందే అక్కా!" పిన్నికి ఏడుపూ నవ్వూ కలిసే వస్తున్నాయి. "నేను చేసింది నడుస్తోందే!"

"నడవక? కళ్ళు తుడుచుకో. రేపు ఆరింటికి క్లాసుంది."

ఇంతలో వెనక బండాయన తల బయటపెట్టి కేకేశాడు. అక్క దగ్గర నేర్చుకున్నవాడే. "మేడం! రెండో గేరు మార్చండి మేడం, మీరే నేర్పారుగా!"

అక్క కిటికీలోంచి మెడ చాచి, ఊరంతా వినేలా అరిచింది.

"మారిస్తే నీ మీదకే వస్తానురా నాయనా! నోరు మూసుకుని వెనకాలే రా!"