ఐదోసారి అడిగినప్పుడు

నేను నాచారంలో ప్రభుత్వ పాఠశాల టీచర్ని. ఒక ఏడాది మాకు ఉప్పల్‌లో రెండు రోజులు శిక్షణ ఇచ్చారు. పోలీసులు, నర్సులు, అంగన్‌వాడీ టీచర్లు, పిల్లల సంరక్షణ అధికారులు అందరం ఒకే హాల్లో కూర్చున్నాం. దెబ్బలు తినే పిల్లల విషయంలో అన్ని శాఖలూ కలిసి ఎలా పనిచేయాలో నేర్పారు. పిల్ల తన బాధ ఒక్కసారే చెప్పాలి, మిగతావాళ్లు ఆ రాసింది చదువుకోవాలి అన్నారు. ఆ మాట నాకు చాలా నచ్చింది. నమ్మాను కూడా.

ఆ వానాకాలం నాలుగో తరగతి పిల్ల ఒకతె బడిలో ఎడమచేత్తో అన్నం తింటూ కనిపించింది. కుడి అరచేయి బొబ్బలెక్కి ఉంది. పక్కకు తీసుకెళ్లి కూర్చోబెట్టుకుని అడిగితే చెప్పింది.

"అమ్మ డ్యూటీకి పోయినంక చిన్నాయన గంటె కాల్చి పెట్టిండు టీచర్. అమ్మకు జెప్పకు, ఏడుస్తది."

తల్లితో ఉంటున్న మనిషిని పిల్ల అలా పిలుస్తుంది. నేర్పిన పద్ధతిలోనే రాసి సంతకం పెట్టాను. హెడ్‌మాస్టర్‌కు చెప్పి, పిల్లను ఆటోలో స్టేషన్‌కు తీసుకెళ్లాను. శిక్షణలో నా పక్కన కూర్చున్న కానిస్టేబులే అక్కడున్నాడు. నా కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది మీరు రాసింది గద మేడం. పాప నోటితోని వినాలె."

చెప్పింది. దవాఖానాలో డాక్టరమ్మ అడిగితే మళ్లీ చెప్పింది. జిల్లా పిల్లల సంరక్షణ ఆఫీసు నుంచి వచ్చినామె తన ఫారం తీసి మొదటినుంచీ అడిగింది. ప్రతిచోటా "ఇంకొక్కసారి చెప్పమ్మా" అని బుజ్జగించింది నేనే. అది తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

మర్నాడు బాలల సంక్షేమ కమిటీ ముందు ఐదోసారి అడిగారు. ఎదురుగా తల్లి తలొంచుకుని కూర్చుంది. పిల్ల ఆమెను చూసింది.

"నేనే పొయ్యి ముట్టుకున్న" అంది.

ఒక కాగితంలో గంటె అని, ఇంకోదాంట్లో పెనం అని, మరోదాంట్లో వేడినీళ్లని ఉంది. పొంతన లేదన్నారు. రాసినవాళ్లది కాదు, తప్పు పిల్లదే అయింది. తల్లి చేత సంతకం పెట్టించుకుని ఇంటికి పంపేశారు.

పది రోజులకు తల్లి టీసీ కోసం వచ్చింది. నారపల్లికి మారుతున్నారట.

"ఆ చిన్నాయన కూడా వస్తున్నాడా?" అని అడిగాను.

"వస్తుండు. మీరు మంచికే జేసిన్రు మేడం. గని ఇప్పుడు పిల్లను జూస్తెనే మండిపడుతుండు."

పిల్ల గేటు దగ్గరే నిలబడింది. పిలిచాను. రాలేదు.

నెల తర్వాత నారపల్లి బడికి ఫోన్ చేస్తే, ఆ పేరుతో ఎవరూ చేరలేదన్నారు. రెండు ఆదివారాలు బస్సెక్కి వెళ్లి, కొత్త ప్లాట్ల మధ్య రేకుల గదుల దగ్గర వాకబు చేశాను. ఒక వాచ్‌మన్ నన్ను ఎగాదిగా చూశాడు.

"ఆ పిల్ల మీకు ఏమైతది?"

"టీచర్ని."

"ఆ పిల్ల బడికి పోవుడే బంద్ జేసినంక ఇంక టీచరేంది" అని లోపలికి వెళ్లిపోయాడు.